వలుగ చేప దవడ, నూరో నంబరు నూలు

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ సభలతో పాటు ఖద్దరు ప్రదర్శన కూడా పెట్టారు. టికెట్ లేదని పద్నాలుగేళ్ల దుర్గాబాయి నెహ్రూనే గుమ్మంలో ఆపేసిన ముచ్చట అందరూ చెప్పుకుంటారు. బట్ట సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. నా మనసు మాత్రం ఆ బట్ట మీదే, అందులోనూ గాంధీజీ మెచ్చిన పొందూరు సన్న ఖద్దరు మీద.

శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో పత్తిని గింజతోనే ముందు దువ్వుతారు. దువ్వెన ఏమిటనుకున్నారు? వలుగ చేప దవడ! దాని పళ్లు ఎంత సన్నమంటే, పోగు తెగకుండా చెత్త మాత్రమే రాలిపోతుంది. తర్వాత చెక్క మీద పెట్టి కడ్డీ దొర్లిస్తే గింజ బయటికి జారుతుంది. చిన్న వింటితో ఏకిన దూదిని ఏకులుగా చుట్టి, మాసిపోకుండా ఎండు అరటి దొప్పలో దాచుకుంటారు. ఆపైన ఒంటి కదురు రాట్నం.

అలా నూరో నంబరు నూలు వస్తుంది. అంటే ఒక్క పౌను దూదిలోంచి 84,000 గజాల దారం! చేత్తో ఇంత సన్నగా వడకడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

వడికేది ఎక్కువగా ఆడవాళ్లే. పొందూరు పంచె ధర ఎక్కువంటారు కొందరు. నాకైతే ఆ చేతులకు అందే కూలే తక్కువనిపిస్తుంది.