నాలుగు ఈకపోచలు, ఒక రాగితీగ

అరచేతిలో పెట్టుకుంటే వడ్లగింజంత ఉంటుంది. రంగు కూడా ఇంచుమించు నానిన వడ్లదే, మధ్య మధ్య కాస్త రాగి మెరుపు. ఒక కొసన వెంట్రుకల్లాంటి తోకలు నాలుగు, రెండో కొసన చిన్న గూని. కడుపు కింద గాలపు ముల్లు వంగి కనిపిస్తుంది కాబట్టి ఇది పురుగు కాదని మనకి తెలుస్తుంది. చేపకి తెలియదు. దీని పేరు ఫెజెంట్ టెయిల్ నింఫ్. కట్టినవాడు ఫ్రాంక్ సాయర్, ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో ఏవన్ నదికి కావలివాడు. ఆయన వాడినవి ముల్లు కాక రెండే వస్తువులు: ఫెజెంట్ పుంజు తోక ఈక, సన్నని రాగితీగ. దారం లేదు, జిగురు లేదు, మైనం లేదు. ప్రపంచంలో ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లలో ఈ పురుగు పేరు తెలియనివాళ్లు దొరకడం కష్టం.

మన కాలువగట్ల మీద గాలం వేసేవాళ్లకి ఈ ఫ్లై ఫిషింగ్ తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. మన గాలానికి బరువు సీసం గుండుది, రుచి వానపాముది, కబురు చెప్పే పని బెండుది. విసిరితే గుండు ముందు పోతుంది, తాడు దాని వెనక పోతుంది. ఇక్కడ కొసనున్న దానికి చెప్పుకోదగ్గ బరువే లేదు. బరువంతా తాడులో ఉంది. పొడుగాటి కర్రతో ఆ తాడుని చర్నాకోలలా వెనక్కీ ముందుకీ ఆడించి వదిలితే, గాలిలో చుట్ట విప్పుకుంటూ వెళ్లి, చివరనున్న సన్న నైలాన్ పోగునీ దాని కొసన ఉన్న బొమ్మపురుగునీ నీటి మీద దింపుతుంది. ఎరకి రుచీ లేదు, వాసనా లేదు. చేప కంటిని ఒప్పించాలి, అంతే.

ఏ పురుగని ఒప్పించాలి? మేఫ్లై అనే జాతి ఒకటుంది. మనకి తొలకరి వానకి దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లలాగే దానిదీ రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజుల బతుకే. అంతకుముందు నెలల తరబడి నీటి అడుగున, రాళ్ల సందుల్లో, నాచులో పిల్లపురుగుగా గడుపుతుంది. ఆ దశనే నింఫ్ అంటారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ అనే ఆయన నీటిపైన తేలే రెక్కల పురుగునే అనుకరించాలని, అదే మర్యాద అని ఇంగ్లిష్ ఏళ్ల మీద ఒక ఆచారం స్థిరపరిచాడు. ఆడ పురుగుకి వేరు, మగదానికి వేరు. 1910 నాటికి ఆయన జాబితా 33 నమూనాల దగ్గర ఆగింది. అదే ఏడు జి.ఇ.ఎం. స్క్యూస్ అనే లాయరు ఒక పుస్తకం రాసి, చేప తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలే కదా, అక్కడెందుకు వేయకూడదు అన్నాడు. ఆ గొడవ ఎంత దూరం వెళ్లిందంటే, 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో దాని మీద సభ పెట్టి మరీ వాదించుకున్నారు. మన దగ్గర వ్యావహారికం, గ్రాంథికం అని కొట్టుకున్నట్టే ఉంటుంది చదువుతుంటే.

సాయర్ ఆ క్లబ్బుల మనిషి కాదు. 1906లో ఏటి పక్కన బల్ఫర్డ్‌లో పుట్టాడు. 1928 నుంచి నెదరేవన్ ఊరి దగ్గర సైనికాధికారుల సంఘం నీళ్లకి కావలి కాశాడు. కావలి అంటే గట్టు మీద కర్ర పట్టుకు నిలబడటం కాదు. నాచు కోయాలి, బురద తీయాలి, చేపపిల్లల్ని పెంచి వదలాలి. పొద్దస్తమానం నీటిలోకి చూస్తూ ఉండటం ఆ ఉద్యోగంలో భాగం. సున్నపురాతి నేలలోంచి ఊరి వచ్చే నీరు కాబట్టి అద్దంలా ఉంటుంది, రెండు మూడడుగుల లోతున పురుగు కదిలినా కంటికి ఆనుతుంది. ఆయన పురుగు ఆ చూపులోంచి పుట్టింది. 1958లో వేసిన ‘నింఫ్స్ అండ్ ద ట్రౌట్’ పుస్తకంలో కట్టే పద్ధతి వివరంగా చెప్పాడు.

అది చదివి నేనూ కట్టి చూశాను. ఈక మా చెల్లెలు పంపింది. అది సౌతాంప్టన్‌లో నర్సు, విల్ట్‌షైర్ రోడ్ల మీద కార్ల కింద పడ్డ ఫెజెంట్లకి కొదవ లేదట. ఈ పక్షి మన కోడికీ నెమలికీ చుట్టం. రాగితీగ మోటార్లు వైండింగ్ చేసే షాపులో అడిగితే, తల వెంట్రుక కంటే కాస్త లావుగా ఉన్న చుట్ట ఒకటి ఊరికే ఇచ్చాడు. ఎందుకని అడిగితే చేపలకన్నాను. ఇంకేమీ అడగలేదు.

ముల్లుని వైస్‌లో బిగించి, తీగని వంపు దగ్గర మొదలుపెట్టి, ముల్లు కన్ను దాకా చుట్టు పక్కన చుట్టు పడేలా నడిపించాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. కన్నుకి కొంచెం ఇవతల మాత్రం కావాలని ఎక్కించాలి. నాలుగు పొరలు పడేసరికి చిన్న గూని లేస్తుంది. పురుగు ఛాతీ అది. బరువూ అక్కడే. తీగని వెనక్కి వంపు దాకా తెచ్చి వేలాడనివ్వాలి. ఇప్పుడు ఈక. తోకలో నడిమి ఈక మూరెడు పొడుగు, ఇటుకపొడి రంగు, అడ్డంగా నల్ల చారలు. కాడకి పక్కనున్న పోచల్లో నాలుగింటిని కొసలు సమానంగా దువ్వి పట్టుకుని తుంచాలి. ఆ కొసలు మూడు మిల్లీమీటర్లు వెనక్కి పొడుచుకుని ఉండేలా తీగతో బిగిస్తే తోకలు తయారు.

అసలు కిటుకు ఇక్కడుంది. నాలుగు పోచల్నీ తీగతో కలిపి, దీపానికి ఒత్తి చేసినట్టు, పురి పెట్టాలి. ఆ పురినే ముల్లు చుట్టూ చుట్టుకుంటూ ముందుకి రావాలి. ఈకపోచ ఉత్త పెళుసు. చేప పళ్లు రెండుసార్లు తగిలితే తెగుతుంది. తీగతో మెలిపడి ఉంటే ఒకచోట తెగినా మిగతాది ఊడిరాదు. ఇంకొకటి, పురిలో ప్రతి చుట్టుకీ తీగ ఒకసారి పైకి తేలుతుంది. దాంతో కడుపు పొడవునా సన్నటి రాగి గీతలు, కణుపులు కణుపులుగా. అసలు పురుగు కడుపు కూడా కణుపులే. ఎక్కడా అదనంగా గీత గీయకుండా, కట్టడానికి వాడిన తీగే బొమ్మ గీసిపెట్టింది. బరువు అదే, దారం అదే, రంగు అదే, లోపలి ఎముకా అదే.

నా మొదటి మూడు పురుగులూ చెత్తబుట్టలోకి పోయాయి. ఒకటి తెగింది. రెండు విప్పుకుపోయాయి, ఎందుకో అర్థం కాలేదు. నాలుగోది కడుతుంటే తెలిసింది: నేను పురి ఒకవైపు పెట్టి చుట్టు ఇంకోవైపు తిప్పుతున్నాను. చుట్టినకొద్దీ పురి సడలిపోతోంది. తాడు పేనే ముసలమ్మ ఎవరైనా చూసుంటే మొట్టికాయ వేసేది. దిక్కు మార్చగానే పోచలు తీగని కరుచుకున్నాయి.

కన్ను దగ్గరికి వచ్చాక తీగనీ పోచల్నీ విడదీసి, పోచల్ని గూని మీదుగా వెనక్కి మడిచి తీగతో ఒక పట్టు, మళ్లీ ముందుకి మడిచి ఇంకో పట్టు వేయాలి. ఛాతీ మీద నల్లటి మూటలాంటిది ఏర్పడుతుంది. రెక్కలు మొలవబోయే పిల్లపురుగు వీపు మీద ఆ మూటే ఉంటుంది, రోజులు దగ్గరపడ్డకొద్దీ నల్లబడుతూ. చివర తీగతోనే ఒక ఉచ్చు వేసి తుంచెయ్యడం.

కాళ్లు లేవు. నేను మొదట చూసి మరిచిపోయాడేమో అనుకున్నాను, ఎందుకంటే అప్పటిదాకా చాలామంది కట్టిన నింఫులకి మెడ చుట్టూ ఈక చుట్టి కాళ్ల బొచ్చు పెట్టేవారు. సాయర్ ఏట్లో చూసిందేమంటే, ఈదే పిల్లపురుగు కాళ్లు చాపదు, ఒంటికి అదిమి పెట్టుకుని తోక ఊపుతూ పోతుంది. కాళ్లున్నా కనపడవు, కనపడనిదాన్ని కట్టడం ఎందుకు? పైగా ఆ బొచ్చు నీటిని పట్టుకుని పురుగుని మునగనివ్వదు. తోకల లెక్కా అంతే. అసలు పురుగుకి మూడు, ఈయన దానికి నాలుగు. నాలుగు పోచలైతే కడుపు లావు సరిపోయింది కాబట్టి నాలుగు. చేప కూర్చుని లెక్కపెట్టదు. హాల్ఫర్డ్ 33 నమూనాల పెట్టెని చూసినప్పుడు పండితుణ్ణి చూసినట్టుంటుంది. ఈ పురుగు కొన్ని జాతులకి ఉమ్మడిగా సరిపోతుంది. ఏది ఉంచాలో ఇద్దరికీ తెలుసు. ఏది తీసెయ్యవచ్చో సాయర్‌కి ఎక్కువ తెలుసు.

ఇది నీట్లో ఎలా పనిచేస్తుందో కూడా చెప్పాలి. చేపకి ఎగువన వేస్తారు. చప్పుడు లేకుండా దిగి, రాగి బరువుకి నిట్టనిలువునా మునుగుతుంది. చేప ముందుకి వచ్చిందనగానే కర్ర కొసని మెల్లగా పైకెత్తుతారు, జానెడు చాలు. మునుగుతున్న పురుగు ఒక్కసారి పైకి లేస్తుంది, రెక్కలు విప్పడానికి నీటిపైకి బయలుదేరినట్టు. అంతదాకా పట్టించుకోని చేప కూడా అప్పుడు ఆగలేదు. నోరు తెరిచినప్పుడు లోపలి తెలుపు తళుక్కుమంటుంది, అదే గుర్తు. సాయర్ ఊళ్లోనే ఉండే ఆలివర్ కైట్ ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చాడు. ఆయన ఒక అడుగు ముందుకి వేసి ఈకని కూడా తీసేశాడు: వట్టి ముల్లు, దాని మీద రాగితీగ గూని. దానితోనూ చేపలు పట్టాడు. కదలికే ముఖ్యమని నిరూపించడానికి అది చాలు. అయినా నా ఓటు సాయర్‌కే. కైట్‌ది వాదన, సాయర్‌ది వస్తువు.

చేపని గుర్తుపట్టడంలోనూ ఇదే చూపు కావాలి. కిందటి జూన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లినప్పుడు సాల్స్‌బరీ ఊళ్లో ఒక వంతెన మీద నిలబడ్డాం. కింద పారుతున్నది ఈ ఏవనే.

“అన్నీ ఒకేలా ఉన్నాయి కదన్నయ్యా,” అంది.

నిజమే, పైనుంచి చూస్తే అన్నీ బూడిదరంగు వీపులే. రంగు చూస్తే మోసపోతాం, సైజు చూస్తే ఇంకా మోసపోతాం. ఒంటరిగా, ఒకేచోట ప్రవాహానికి ఎదురు నిలిచి, ఒంటినిండా చుక్కలున్నది ట్రౌట్. అడుగుకి ఆనుకుని గుంపుగా ఉన్నవి, తోక చీలి ఉన్నవి గ్రేలింగ్‌లు. వీటిలో ఒకటి పక్కకి ఒరిగి వీపు మీది రెక్క విప్పితే ఇక అనుమానం అక్కర్లేదు: పడవకి తెరచాప ఎత్తినట్టే. రెండింటికీ వీపు రెక్కకీ తోకకీ మధ్య ముల్లు లేని చిన్న కండ రెక్క ఉంటుంది. మన జెల్లలకీ ఉంటుంది చూడండి, అలాంటిదే. చబ్, డేస్ అని మన బొచ్చె కులానికి చెందిన వెండి చేపలు రెండున్నాయి, చిన్నప్పుడు కవలల్లా ఉంటాయి. వాటికి చూడాల్సింది కడుపు కింద చివరి రెక్క అంచు ఒక్కటే. బయటికి ఉబ్బితే చబ్, లోపలికి వంగితే డేస్.

మన చేపల బజారులో అమ్మేవాళ్లు చేసేదీ ఇదే. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటిపైన తింటుంది. మోసు నోరు కిందికి ఉంటుంది, అడుగున తింటుంది. మధ్యలో మేసే శీలావతి ఆ రెంటికీ నడుమ. చెరువుల్లో ఈ మూడూ కలిపి పెంచడంలో ఉన్న లెక్క ఆ నోళ్లలోనే ఉంది. గ్రేలింగ్‌దీ మోసు నోరే. పై పెదవి ముందుకి, నోరు కిందికి.

గ్రేలింగ్ శాస్త్రీయ నామం థైమాలస్. తాజా చేప థైమ్ ఆకు వాసన వేస్తుందని ఆ పేరు. ఆ ఆకులోనూ మన వాములోనూ ఉండే ఘాటు ఒకటే, థైమాల్. అంటే ఇది వాము వాసన వేసే చేప. గట్టున ఒకాయన తడి చేతుల్లో పట్టుకుని మళ్లీ నీట్లో వదలబోతుంటే అడిగి, వంగి వాసన చూశాను. నా ముక్కుకి నీచు వాసనే తగిలింది. కన్ను మాత్రం మరిచిపోలేను, నల్లగుడ్డు గుండ్రంగా లేదు, ముందువైపుకి మొన తేలి ఉంది.

ట్రౌట్‌ల నీళ్లలో గ్రేలింగ్‌ని అప్పట్లో కలుపుమొక్కలా చూసేవారు, సాయర్ కూడా వాటిని తగ్గించాల్సిన మనిషే. అందుకోసం ఇంకో పురుగు కట్టాడు, కిల్లర్ బగ్. తీగ మీద ఉన్ని, అంతే. కానీ ఏ ఉన్ని పడితే అది కాదు, మేజోళ్లు కుట్టుకునే చాడ్విక్స్ రకంలో 477 నంబరు. పొడిగా ఉన్నప్పుడు మట్టిరంగు, తడిస్తే లోపలి నుంచి గులాబి తేలుతుంది. కంపెనీ దాన్ని ఆపేశాక పాత అట్టల కోసం ఇప్పటికీ జనం వెతుక్కుంటున్నారు. 1980లో సాయర్ తన ఏటి గట్టు మీదే పోయాడు.

తొమ్మిదో పురుగు బాగానే కుదిరింది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు జేబులో వేసుకెళ్లి మా చిన్న మావయ్యకి చూపించాను. వయసులో ఉన్నప్పుడు గోదావరి మీద వలలు అల్లి బతికిన మనిషి. కళ్లద్దాలు పైకి నెట్టి, కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు. గోటితో కడుపు మీద గీరాడు, తోకలు లాగాడు. గీతలు కదల్లేదు.

“దారమేదిరా అల్లుడూ?” అన్నాడు.

లేదన్నాను. నమ్మలేదు. మళ్లీ తిప్పి చూశాడు. మంచినీళ్ల గ్లాసు తెప్పించి అందులో వేశాడు. బుడగ కూడా లేవకుండా, తల ముందు పెట్టి దిగింది. గ్లాసులోంచి వేళ్లతో తీసి, చొక్కా జేబు అంచుకి గుచ్చుకుని, గాలం కర్ర ఎక్కడ పెట్టారని ఇంట్లోకి కేకేస్తూ వెళ్లాడు.