ఇన్‌స్టాలర్ మొదటి రోజే

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో చాలామంది ఇన్‌స్టాలర్ పనిని చివరి వారానికి వదిలేస్తారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది వేరు. ఖాళీ విండో ఒకటి తెరుచుకుంటే చాలు, ఆ రోజే ప్రోగ్రామ్‌ను ఇంకో కంప్యూటర్‌లో ఎక్కించి చూడండి.

ఎందుకంటే మనం కోడ్ రాసే టూల్ అడక్కుండానే చాలా సాయం చేస్తుంటుంది. క్యూటీ అనే లైబ్రరీతో రాసిన విండోస్ ప్రోగ్రామ్‌నే తీసుకోండి. క్యూటీ క్రియేటర్‌లో రన్ నొక్కితే చక్కగా నడుస్తుంది. లైబ్రరీలున్న ఫోల్డర్‌ను క్రియేటర్ తనంతట తానే పాత్‌లో చేర్చి పెడుతుంది మరి. ఆ ఈఎక్స్‌ఈ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి వేరేచోట డబుల్ క్లిక్ చేస్తే, ఫలానా డీఎల్ఎల్ లేదంటూ ఆగిపోతుంది. అడిగినవన్నీ తెచ్చి పక్కన పెడితే, ఈసారి ప్లాట్‌ఫామ్ ప్లగిన్ లేదంటుంది. 'క్యూవిండోస్' అనే ఆ డీఎల్ఎల్ ప్రోగ్రామ్ మొదలయ్యాకే లోడవుతుంది కాబట్టి, ఈఎక్స్‌ఈకి కావలసిన ఫైళ్ల జాబితాలో ఎంత వెతికినా కనబడదు. ఈఎక్స్‌ఈ పక్కనే 'ప్లాట్‌ఫామ్స్' అనే ఫోల్డర్ పెట్టి, దాన్ని అందులో ఉంచాలి. ఇవన్నీ పోగేయడానికే 'విన్‌డిప్లాయ్‌క్యూటీ' అనే టూల్ ఉంది. అది ఏమేం తెచ్చిందో ఫోల్డర్ తెరిచి ఒక్కో ఫైలూ చూడటం నాకు అలవాటు. మన ప్రోగ్రామ్ దేనిమీద ఆధారపడిందో అక్కడే అర్థమవుతుంది.

అనుమతుల సంగతీ అంతే. సొంత ఫోల్డర్‌లో ప్రోగ్రామ్ పక్కనే డేటా ఫైలు రాసుకుంటే అడ్డేమీ ఉండదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి చేరాక మామూలు యూజర్‌కు అక్కడ రాసే హక్కు ఉండదు. డేటాను యాప్‌డేటాలో పెట్టాలన్న నిర్ణయం మొదట్లో అయితే ఒక్క లైను. టేబుళ్లు, బ్యాకప్‌లు, రిపోర్టులు అన్నీ పాత చోటుకే అలవాటుపడ్డాక వారాల పని.

పరీక్షకు రెండో కంప్యూటర్ కొనక్కర్లేదు. 2019లో విండోస్ 10 ప్రోలో శాండ్‌బాక్స్ వచ్చింది. తెరిచిన ప్రతిసారీ అప్పుడే ఎక్కించిన విండోస్‌లా ఉంటుంది, మూస్తే అన్నీ చెరిగిపోతాయి. మన లైబ్రరీలేవీ అందులో ఉండవు గనక, లోటు ఏదైనా వెంటనే బయటపడుతుంది. కాకపోతే అందులో అడ్మిన్ హక్కులుంటాయి. అందుకే అనుమతుల పరీక్ష మాత్రం మామూలు ఖాతాలో చేయాలి.

మన ప్రోగ్రామ్ వాడేది మందుల షాపు కౌంటర్లోనో, ఎరువుల కొట్లోనో బిల్లు కొట్టే మనిషి. ఎదురుగా జనం నిలబడి ఉంటారు. డీఎల్ఎల్ అంటే ఏమిటో తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకు లేదు. తెరుచుకోకపోతే పనికిరాదనుకుంటాడు, అది న్యాయమే. మొదటి రోజే ఇన్‌స్టాలర్ కట్టి, కొత్త లైబ్రరీ చేర్చినప్పుడల్లా మళ్లీ కట్టి చూస్తే, ఏది చెడినా కారణం ఆ రోజు చేసిన పనిలోనే దొరుకుతుంది. ఆయన కౌంటర్ దగ్గర పడాల్సిన ఇబ్బంది మన బల్ల దగ్గరే తీరిపోతుంది.