డాక్టరుగారి చెవి: బుల్గాకొవ్ నవల ‘ది వైట్ గార్డ్’

1917లో జారు ప్రభుత్వం కూలిన తరువాత రష్యన్ సామ్రాజ్యపు అంచుల్లో అనేక కొత్త దేశాలు లేచాయి. ఫిన్లాండ్ వంటివి నిలిచాయి. జార్జియా, ఉక్రెయిన్ వంటివి మూడు నాలుగేళ్ళలోనే పోయాయి. ఉక్రెయిన్‌లోనైతే ఆ కాస్త కాలంలోనే ప్రభుత్వాలు మారాయి. జర్మన్ సేనల అండతో 1918 ఏప్రిల్ 29న హెత్మాన్ (అధినేత) అయిన స్కొరొపాద్‌స్కీ డిసెంబరు 14న గద్దె దిగాడు. ఆ చివరి రోజుల కథే ఈ నవల.

మిహయీల్ బుల్గాకొవ్ కీవ్‌లో పుట్టి, అక్కడే 1916లో వైద్యపట్టా పుచ్చుకున్నవాడు. కథానాయకుడు అలెక్సీ తుర్బిన్ కూడా డాక్టరే. మేమూ ఆ వృత్తివారమే కనుక అభిమానంతోనే చదివాము. హెత్మాన్ తలకు కట్లు కట్టించుకుని, గాయపడిన జర్మన్ అధికారి వేషంలో పారిపోతాడు. అదే రోజు కర్నల్ నాయ్-తుర్స్ కుర్ర సైనికులను భుజాల పట్టీలు చించేసి పారిపొమ్మని, తాను మరతుపాకి దగ్గర నిలబడి చనిపోతాడు. ఈ రెండు ఘట్టాలు చాలు, రచయిత ఎంతటివాడో తెలియడానికి.

మా పేచీ ఒక హాస్యంతో. రష్యన్ వదిలి ఉక్రేనియన్ మాట్లాడే తోటి డాక్టరును తుర్బిన్ ఎగతాళి చేస్తాడు. పిల్లిని మీ భాషలో ఏమంటారని అడిగితే అతడు చెప్పిన మాట రష్యన్‌లో తిమింగలానికి పేరులా వినిపిస్తుంది. మరి తిమింగలాన్ని ఏమంటారు అంటే అతడు గుడ్లు తేలేస్తాడట.

ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఒక సహవైద్యుణ్ణి అడిగాము. ఆయన రెండు మాటలూ పలికి వినిపించారు. అచ్చులు వేరు! మన ‘కల’, ‘కళ’ ఇక్కడివారికి ఒక్కటిగా వినిపించినట్లే, తుర్బిన్ చెవికి ఆ తేడా అందలేదు. తప్పు చెవిది, నవ్వులపాలైంది భాష.

ఇది పాత్ర మాటే, రచయితది కాదనవచ్చు. కాని నవలలో దానికి జవాబు చెప్పేవాడు ఒక్కడూ లేడు. రైతుల కోపానికి కారణాలు రచయిత చెప్పాడు. వారి ఇంటిలోకి మాత్రం మనల్ని తీసుకువెళ్ళలేదు. తుర్బిన్ల భోజనాల బల్ల దగ్గరనుంచి చూస్తే ఆ దేశం నాలుగు రోజుల నాటకమే. అదే భాష, అదే ప్రజ 1991లో మళ్ళీ స్వతంత్రదేశమై నిలబడ్డాయి.

మన స్టెతస్కోపుకు వినిపించని శబ్దం గుండెలో లేదనుకోరాదు. నవల మాత్రం తప్పక చదవండి. మాతో ఏకీభవించనివారు రాయండి, చర్చిద్దాం.