వెన్ను తట్టిన రమోనా

డామినో బిళ్ల, పాత కొలబద్ద ముక్క, ఏదో దేశపు సంతలో ఏరుకున్న పూస. రమోనా సోల్‌బెర్గ్ (1921–2005) వాటిని వెండిలో బిగించి, తోలుతాడుకు గుచ్చి హారం చేసేవారు. వజ్రాల కొట్లో దొరకని దర్జా అది!

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆమె అధ్యాపకురాలు. 1972లో ‘ఇన్వెంటివ్ జ్యువెలరీ మేకింగ్’ పుస్తకం రాసి, తన పద్ధతులన్నీ అందరి ముందూ పరిచేశారు. పనితనం గుట్టుగా దాచుకునేవాళ్లకు కొదవలేని వృత్తిలో ఇది చిన్న సంగతేం కాదు.

శిష్యుల్లో రాన్ హో ఒకరు. హవాయిలో పుట్టిన చైనా సంతతివాడు, బడిలో పిల్లలకు చిత్రకళ నేర్పే మాస్టారు. ఆమె ప్రోత్సాహంతో నగల పనిలోకి దిగారు. గురుశిష్యులు కాస్తా స్నేహితులై, కలిసి దేశాలు తిరిగారు. ఇద్దరికీ దొరికిన వస్తువులే ముడిసరుకు. అయినా హో హారాల్లో వినిపించేది ఆయన సొంత గొంతే: చైనా మూలాలు, కుటుంబ జ్ఞాపకాలు.