పూతకు ముందు గోడ

ఢిల్లీలో పాత ఇల్లు బాగుచేయించుకునేవాళ్ల చేతికి వచ్చే ఎస్టిమేట్‌లో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పన్నింగ్‌కు, అంటే పలుచని నున్నటి పూతకు, చదరపు అడుగు రేటు ఉంటుంది. పుట్టీకి ఉంటుంది, రంగుకు ఉంటుంది. పాత గోడను గీకి, కడిగి, తట్టి చూసి, కొత్త పూతకు సిద్ధం చేసే పనికి మాత్రం చాలాసార్లు ఒక్క వరుస కూడా ఉండదు. కొన్నాళ్లకే పెచ్చులు లేస్తాయి. మేస్త్రీని తిడతారు, సరుకును తిడతారు. పూత ఎన్నాళ్లు నిలుస్తుందో తాపీ పట్టకముందే తేలిపోయిందని ఎవరికీ తోచదు.

ఈ పాఠం చెప్పగల కట్టడం ఆ నగరంలోనే ఉంది. 16వ శతాబ్దపు హుమాయూన్ సమాధికి బయట ఎర్రరాయి, పాలరాయి కనిపిస్తాయి గానీ, లోపలి కమానులకూ గదులకూ ఒళ్లంతా సున్నపు గచ్చే. 20వ శతాబ్దపు మరమ్మతుల్లో దాని మీద సిమెంటు పూశారు, కప్పు మీద కాంక్రీటు పరిచారు. 2007లో ఈ సమాధి ఉన్న నిజాముద్దీన్ ప్రాంతంలో మొదలైన పునరుద్ధరణలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, భారత పురావస్తు శాఖ కలిసి చేసిన పనిలో పెద్ద భాగం కొత్తగా పూయడం కాదు, పూసినదాన్ని తీయడం. కప్పు మీద నుంచే పది లక్షల కిలోలకు పైగా కాంక్రీటు దించారు. 2013లో పని ముగిసేనాటికి చేతివృత్తుల వాళ్లు పెట్టిన పనిదినాలు రెండు లక్షలు.

సిమెంటును అంతగా ఎందుకు తీయాలి? పాత గోడ మెత్తనిది, తేమను లోపలికి తీసుకుని బయటికి వదులుతూ ఉంటుంది. సిమెంటు గట్టిది, తేమను అంత సులువుగా వదలదు. నేల నుంచి పైకెక్కిన నీరు దాని వెనక ఆగిపోతుంది. ఆ నీటిలోని ఉప్పు అక్కడే పలుకులు కట్టి, లోపలి సున్నాన్ని పిండి చేస్తుంది. పైకి నున్నగా ఉన్న గోడ లోపల గుల్లబారుతుంది. అందుకే పాత పనివాళ్ల నియమం: పైపొర కిందిపొర కన్నా గట్టిగా ఉండకూడదు.

గోడను సిద్ధం చేయడం చెవితో మొదలవుతుంది. మేస్త్రీ చిన్న సుత్తి పిడితో జానెడు జానెడుకూ తట్టుకుంటూ పోతాడు. గోడను అంటుకుని ఉన్నచోట మొద్దు శబ్దం, విడిపోయినచోట బోలు శబ్దం. బోలుగా పలికిన మేరకు సుద్దతో గీత గీసి, అంతవరకే ఉలితో కొడతాడు. గట్టిగా ఉన్న పాత గచ్చును వదిలేయడం కూడా నైపుణ్యమే. తొందరపడి గోడంతా ఒలిచేస్తే దానితో పాటు పాత పనితనమూ పోతుంది. తర్వాత రాళ్ల సందుల్లో వదులైన సున్నాన్ని లోతుగా గీకి తీయాలి, దుమ్మును కుంచెతో దులపాలి. ఉప్పు తెల్లగా పొంగితే పొడిగా ఉండగానే గీకి ఎత్తేయాలి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పాత వెల్లపొరలు నున్నగా ఉంటే వాటినీ గీకేసి గాట్లు పెట్టాలి. కొత్త సున్నానికి పట్టు దొరికేది ఆ గాట్లలో, ఆ సందుల్లో.

ఆ తర్వాత నీళ్లు. ఎండిన గోడ తొలకరిని తాగే బీడునేల లాంటిది, పూతలోని తడినంతా ఒక్క గుక్కలో లాగేసుకుంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి సున్నం మళ్లీ రాయిగా మారాలంటే తడి ఉండాలి. తడి పోతే పూత వేలికి పొడిగా రాలుతుంది. కాబట్టి గోడను ముందురోజు నుంచే తడపాలి, పూసేవేళకు లోపల తడిగా, పైన నీళ్లు జారకుండా ఉండాలి. ఢిల్లీ మే నెలలో ఎండ 45 డిగ్రీలు చేరి, లూ అనే వడగాలి కొట్టేటప్పుడు పూసిన గోడకు తడిగోనెలు కట్టక తప్పదు. హుమాయూన్ సమాధి పనిలో సున్నంలో బెల్లం, మారేడు గుజ్జు, మినప్పప్పు, గుడ్డు తెల్లసొన లాంటివి కలిపిన సంగతి అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. నిజమే, వాటికి వాటి పని ఉంది. కానీ తడపని గోడను ఏ మారేడూ కాపాడలేదు.

2013 నుంచి హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర అదే ఆగాఖాన్ ట్రస్టు చేపట్టిన పనిలోనూ సిమెంటు తీసి సున్నం పూశారు. మన ఊళ్లలో డంగు సున్నంతో కట్టిన పాత ఇళ్లవాళ్లు అది చూసిరావాలి.

ఇక గుర్‌గావ్, నోయిడా ఆఫీసుల్లోని జిప్సం బోర్డు గోడలు. జిప్సాన్ని సుమారు 150 డిగ్రీల దగ్గర కాల్చితే అందులోని నీరు ముప్పాతిక పోయి పీఓపీ అవుతుంది, నీళ్లు తగిలితే నిమిషాల్లో మళ్లీ గడ్డకడుతుంది. పాత బోర్డు మీద రెండు, మూడు మిల్లీమీటర్ల పలుచని జిప్సం పూత వేసేటప్పుడూ అడగాల్సిన ప్రశ్న సున్నపు మేస్త్రీదే: ఈ గోడ ఎంత నీరు తాగుతుంది? బోర్డుకు అంటించిన కాగితం నీటిని పీల్చినప్పుడే జిప్సం పలుకులు దాని పీచుల్లోకి అల్లుకుని పట్టుకుంటాయి. రంగు వేసిన కాగితం పీల్చదు, ఏళ్లతరబడి ఎండ తగిలి వెలిసిన కాగితమూ సరిగా పీల్చదు. రంగు ఉంటే జిడ్డు కడిగి, మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, బాండింగ్ పూత వేసి ఆరనివ్వాలి. వెలిసిన కాగితానికి పటిక నీళ్లు చల్లే పద్ధతి ఒకటుంది. పటిక తగిలితే జిప్సం త్వరగా గడ్డకడుతుంది. ఊడివస్తున్న కాగితాన్ని గట్టిగా ఉన్న అంచు దాకా కోసేయాలి, కదులుతున్న మేకుల పక్కన కొత్త స్క్రూలు బిగించాలి, అతుకులకు జాలీ టేపు వేయాలి. సున్నపు గోడలా దీన్ని తడపకూడదు. కాగితం ఉబ్బుతుంది, లోపలి జిప్సం మెత్తబడుతుంది. చెమ్మ ఎక్కిన బోర్డును తీసి కొత్తది పెట్టడమే మార్గం, అదీ నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపిన తర్వాతే.