బస్తరు కల్లు కుండ ముందు మన శ్వాసక్రియ పాఠం

ఆక్సిజన్ ఉంటే వాయుసహిత శ్వాసక్రియ, 38 ఎ.టి.పి.లు, లేకపోతే అవాయు శ్వాసక్రియ, ఆల్కహాలు, 2 ఎ.టి.పి.లు. ఇంత రాస్తే పరీక్షలో మీకు మార్కులు వస్తాయి. కానీ ఈ పాఠం బస్తరు అడవిలో నిలబడుతుందా?

అక్కడ సల్ఫీ అనే చెట్టు మన జీలుగ చెట్టే. గెల కోసి కట్టిన కుండలో తెల్లవారుజామున తియ్యని రసం ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ నురగ కట్టి కల్లవుతుంది. ఇది ఈస్ట్ చేసే పని.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ కుండకు గాలి తగులుతూనే ఉంటుంది. అయినా ఆల్కహాలు తయారవుతోంది! చక్కెర సమృద్ధిగా ఉంటే, ఆక్సిజన్ ఉన్నా సరే, ఈస్ట్ కిణ్వనం సాగిస్తుంది. దీన్నే క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. గాలి సోకితే కిణ్వనం తగ్గుతుందని 1861లో పాశ్చర్ చెప్పినదీ నిజమే. కానీ అది చక్కెర తక్కువగా ఉన్నప్పుడు బాగా కనిపిస్తుంది. పాఠం ఈ సగాన్నే మొత్తంగా చెబుతోంది.

అంతకంటె పెద్ద లోపం, ఆల్కహాలు ఎందుకు అన్న ప్రశ్నను వదిలేయడం. ఆ 2 ఎ.టి.పి.లు గ్లైకాలిసిస్‌లోనే వచ్చేశాయి. పైరువిక్ ఆమ్లం ఆల్కహాలుగా మారితే కొత్తగా ఒక్క ఎ.టి.పి. కూడా రాదు. మరెందుకు? ఎన్.ఎ.డి. అనే అణువు ఎలక్ట్రాన్లను మోసే తట్ట వంటిది. నిండిన తట్టను దింపకపోతే కూలీ మళ్ళీ మట్టి ఎత్తలేడు. గ్లైకాలిసిస్ కూడా ఆగిపోతుంది. మైటోకాండ్రియా ఆ బరువును చివరకు ఆక్సిజన్‌పై దింపి, దారిలో ఎ.టి.పి.లు సంపాదిస్తుంది. కిణ్వనంలో ఆ బరువు పైరువిక్ ఆమ్లం నుంచి వచ్చిన అసిటాల్డిహైడ్‌పై పడి, ఆల్కహాలు ఏర్పడుతుంది.

38 అన్న అంకె కూడా పాతబడింది. మైటోకాండ్రియా పొరలో ప్రోటాన్లు కొంత కారిపోతాయి, రవాణాకూ ఖర్చవుతుంది. నేటి లెక్క 30 నుంచి 32. కిణ్వనాన్ని అవాయు శ్వాసక్రియ అనడమూ సరికాదు. ఆక్సిజన్ బదులు నైట్రేటుపై ఎలక్ట్రాన్లను దింపే వరిమడి బాక్టీరియాలకే ఆ పేరు తగినది.

పాఠంలోని సమీకరణాలు తప్పు కావు. కారణాలు లేని సమీకరణాలు కావడమే తప్పు. జీలుగ చెట్ల నీడన పెరిగిన పిల్లవాడికి తాను రోజూ చూసే కుండ ఆ పాఠంలో కనిపించదు.

ఆ కల్లును మరునాటి వరకు ఉంచితే పులుస్తుంది. వేరే బాక్టీరియాలు ఆక్సిజన్‌తో ఆల్కహాలును అసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. గ్లూకోజు శక్తిలో 90 శాతానికి పైగా ఆల్కహాలులోనే మిగిలి ఉందనడానికి ఇదే సాక్ష్యం. ఈసారి క్లాసులో ఎన్ని ఎ.టి.పి.లు అని కాదు, ఆల్కహాలు ఎందుకు అని అడగండి.