చెప్పింది చెప్పినట్టు

ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో నన్ను ఎక్కువగా నొప్పించిన మాట ‘ఖాళీగానే ఉన్నావుగా’. గ్యాస్ బండ వస్తుంది, ఇంట్లో ఉండు. అత్తయ్యని స్టేషన్లో దింపిరా. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనరు. కానీ మన టైముకి విలువ లేదన్న సంగతి రోజూ కొంచెం కొంచెంగా లోపలికి దిగుతుంది. అలాంటప్పుడే హైదరాబాదులో ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా చూపులేని అభ్యర్థులకు స్క్రైబ్‌గా పరీక్షలు రాయడానికి వెళ్ళాను. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ళు ఏదైనా సేవ చేయాలని ఉందంటే ఇప్పటికీ నేను ముందు చెప్పేది ఈ పనే.

ప్రశ్న చదివి వినిపించాలి, అభ్యర్థి చెప్పింది చెప్పినట్టు రాయాలి. వినడానికి ఇంతే. నేను మొదట కూర్చున్నది ఎం.ఏ. చరిత్ర పేపరుకి. అభ్యర్థి నాకంటే చాలా పెద్దాయన, దూరవిద్యలో చదువుతున్నారు. “చెల్లెమ్మా, ముందు ప్రశ్నలన్నీ ఆపకుండా ఒకసారి చదివెయ్యి” అన్నారు. విని, కాసేపు ఆలోచించుకుని, ఏది ముందు రాయాలో, ఏది వదిలెయ్యాలో వరసగా చెప్పేశారు. తర్వాత ఒక్కో వాక్యం పూర్తిగా తయారు చేసుకుని చెప్పడం, పేరా మారాల్సిన చోట “కొత్త పేరా” అనడం. మధ్యమధ్యలో ఒకటే అడిగేవారు: “ఎంతవరకు వచ్చింది? పేజీ నిండిందా?” జవాబు ఎంత పొడుగైందో ఆయనకి కనిపించదు కదా. పేజీని, గడియారాన్ని ఆయన తరఫున చూడటం నా పని. ఆలోచించడం మాత్రం పూర్తిగా ఆయనదే.

అక్కడే ఉంది కష్టం. ఉప్పు సత్యాగ్రహం 1931 అన్నారు. 1930 అని నాకు తెలుసు. 1931 అనే రాయాలి. రాసేముందు “ఆఁ?” అనకూడదు, కలం ఆపకూడదు, ఎందుకంటే ఆ ఆగడమే ఆయనకి సూచన అయిపోతుంది. ఆబ్జెక్టివ్ పేపరైతే ఇంకా జాగ్రత్త: నాలుగు ఆప్షన్లూ ఒకే గొంతుతో, ఒకే వేగంతో చదవాలి. సరైన దాని దగ్గర గొంతు కాస్త ఒత్తినా అది ఆయన రాసిన పరీక్ష కాకుండా పోతుంది. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా వినడం, మధ్యలో మన తెలివి దూర్చకపోవడం ఇంత గట్టిగా నేర్పే పని ఇంకొకటి నేను చూడలేదు.

వెళ్ళేముందు నిబంధనలు తెలుసుకోవాలి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం గంటకి కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకి నాలుగు గంటలు కూర్చోవాలి. అభ్యర్థే స్క్రైబ్‌ని తెచ్చుకునే పక్షంలో ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 నాటి మార్గదర్శకాల్లో ఉండేది. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల్లో ఇంకో షరతు: అదే పరీక్షకి అభ్యర్థిగా ఉన్నవాళ్ళు స్క్రైబ్‌గా కూర్చోకూడదు. దొరికితే ఇద్దరి అభ్యర్థిత్వమూ రద్దు. కోచింగ్‌లో ఉన్నవాళ్ళు సరేననేముందు తాము వేటికి అప్లై చేశారో ఒకసారి చూసుకోవాలి. స్క్రైబ్ అవసరం చూపులేనివాళ్ళకే అనుకోవద్దు. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బున్న వికాష్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ని నిరాకరించకూడదంది.

సొంత అవసరం కోసం చేస్తే అది సేవెలా అవుతుంది అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. ఉదాహరణకి, అమెరికాలో చదువు పూర్తి చేసి ఓపీటీ (చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి) మీద ఉన్న మన పిల్లలకి మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకి మించి నిరుద్యోగం ఉండకూడదు. చదివిన రంగంలోనే వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా స్వచ్ఛంద సంస్థలో చేసినా ఆ రోజులు ఉద్యోగం కిందే లెక్క. వాళ్ళు వీసా కాపాడుకోవడానికే చేరతారు. చేరి ఆ సంస్థ పని శ్రద్ధగా చేస్తే తప్పేముంది? నేను కూడా ఇంట్లో ‘ఖాళీగానే ఉన్నావుగా’ అన్న మాట పడలేకే వెళ్ళాను. హాల్లో కూర్చున్నాక నాలుగు గంటలూ ఆ పెద్దాయనవే.

తప్పంటూ ఉంటే మాటిచ్చి రాకపోవడంలో ఉంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి ఇంటర్వ్యూ పిలుపు ఎప్పుడైనా రావచ్చు. వస్తే వెళ్ళాల్సిందే, త్యాగాలు అక్కర్లేదు. కానీ పిలుపు వచ్చిన గంటలోనే సంస్థకి చెప్పాలి, వీలైతే బదులు మనిషినీ చూడాలి. డబ్బు తీసుకోవడం లేదు కదా అని పరీక్ష రోజు పొద్దున ఫోన్ తీయకపోతే అవతల ఒకరికి ఏడాది పోతుంది.

ఈ భారం వాలంటీర్ల మీదే వదిలేయడం కూడా న్యాయం కాదు. ప్రతి పరీక్షకీ సంస్థ ఇద్దరి పేర్లు పెట్టుకోవాలి. వచ్చినవాళ్ళకి బస్సు ఛార్జీలివ్వాలి. ఎన్ని పరీక్షలు, ఎన్ని గంటలు అన్నది రాసి సంతకంతో సర్టిఫికెట్ ఇవ్వాలి, అది రెజ్యూమెలో ఒక నిజమైన లైను అవుతుంది. చేరేటప్పుడే ఇవన్నీ అడగండి, మొహమాటపడకండి.